బావ తిండికి తూకం

జనం ఏం తింటున్నామని ప్రశ్నావళిలో రాస్తారో, అందులో నిజమెంతో తేల్చడం మా ఆఫీసు పని. ముందు రాయిస్తాం. తర్వాత వారం రోజులు ఇంటికే వెళ్ళి, తినేదంతా త్రాసులో పెట్టి చూస్తాం. తూకం సంగతి ముందే చెబితే అందరూ సత్యహరిశ్చంద్రులైపోతారని చెప్పం.

మా బావ కూడా రాశాడు. ‘పూటపూటా ఆకుకూరలు. స్వీట్లు అస్సలు ముట్టను.’ అది చదివి నేనూ అక్కా పడీపడీ నవ్వాం. స్వీట్ల డబ్బా మూత చప్పుడైతే చాలు, గాఢనిద్రలోంచి లేచొచ్చే మనిషాయన!

త్రాసుతో గుమ్మంలో నిలబడ్డ నన్ను చూసి బావ తెల్లబోయాడు.

"రాస్తే సరిపోదా? తూకం కూడానా?"

"అబద్ధమని ఒప్పేసుకో బావా, వెళ్ళిపోతాను."

"అబద్ధమా? నేనా? తుయ్యి, ఎంత తూస్తావో తుయ్యి!"

ఇక చూడాలి! పూటపూటా మేకలా ఆకులు నమిలాడు. అక్క కావాలనే డబ్బా ఎదురుగా పెట్టి, "ఒక్కటైనా తినండి" అంటే, గోడవైపు తిరిగి, "నాకలవాటు లేదుగా!" అన్నాడు.

వారం తర్వాత లెక్కలు చూసి మా మేడమ్ మురిసిపోయింది. "రాసిందానికీ తిన్నదానికీ ఇంత పొంతన ఎక్కడా చూళ్ళేదమ్మా! ఈయన్ని వదలొద్దు. ఏడాదంతా తూద్దాం."

ఆ కబురుతో పరుగున వెళ్ళాను. బావ ఒళ్ళో డబ్బా, రెండు బుగ్గల్లోనూ స్వీట్లు. కబురు విని మింగలేక కక్కలేక గుడ్లు తేలేశాడు.

నేను త్రాసు బల్ల మీద పెట్టాను.

"ముందు ఆ నోట్లోది ఇందులో పెట్టు బావా."