దిల్ అంటే నాలుక

కిర్కూక్ బజారులో యాషార్‌ది తలకాయ పులుసు కొట్టు. అతని తుర్క్‌మెన్ భాషలో దిల్ అంటే నాలుక. కుర్దులకేమో గుండె. ఇద్దరూ ‘నా’ అని కలిపితే ‘దిలిమ్’ అనే అంటారు. ఈ ఒక్క మాట మీద ఊరంతా వేళాకోళాలాడుకుంటుంది. అందులో యాషార్‌ని మించినవాడు లేడు. మనిషి బంగారమే, నోటికే అదుపు లేదు.

ఎదురుగా పెరుగమ్మే గెలావేజ్ కుర్దు మనిషి, భర్త పోయినామె. రోజూ అతనికోసం మీగడ పక్కన పెట్టేది. అతను మూలుగున్న ఎముక ఏరి పంపేవాడు. ముందు ఎవరు బయటపడతారా అని బజారు బజారంతా కనిపెట్టుకుని ఉంది.

ఒకరోజు ఆమే వచ్చింది. కొట్టు నిండా జనం.

"సులేమానియా నుంచి సంబంధం వచ్చింది. రేపు జవాబు చెప్పాలి" అంది మెల్లగా. "దిలిమ్ నీ దగ్గరుంది యాషార్. ఏం చెప్పమంటావు?"

తింటున్న చేతులన్నీ ఆగాయి. అందరూ తనవైపే చూస్తుంటే యాషార్‌కు సిగ్గు ముంచుకొచ్చింది. పాడు అలవాటు ముందుకు దూకింది.

"నా దగ్గరా? అయితే శుభ్రంగా కడిగి ఉడకేస్తా, నిమ్మకాయ పిండుకుని తిందువుగాని!"

జనం బల్లలు చరిచి మరీ నవ్వారు. గెలావేజ్ కూడా నవ్వింది. మర్నాడు సులేమానియా వాళ్ళకు సరేనంది.

ఆ సంగతి విని చర్చిలో కీర్తనలు చదివే కోర్కిస్ మండిపడ్డాడు. "మా ప్రార్థనల పాత భాషలోనూ దిల్ ఉందిరా దౌర్భాగ్యుడా! ‘నాది’ అని అర్థం. ఆ ముక్క అనలేకపోయావా?"

యాషార్ ఆ మాట ఎన్నిసార్లు లోలోపల అనుకున్నాడో! ఆమెను తీసుకెళ్ళే కారు కదలబోతుంటే పరుగెత్తాడు. అద్దం పట్టుకుని, కుర్దు భాషలోనే అన్నాడు. "గెలావేజ్, దిలిమ్ నీతో వస్తోంది."

ఆమె ఫక్కున నవ్వి, కారులో పక్కన కూర్చున్నామె వైపు తిరిగింది.

"చూశావా అక్కా, వెళ్ళేటప్పుడైనా వదలడు ఈయన! ఉడికిందా లేదా మరి?"

ఆ గొంతులో నిష్ఠూరం ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండేదని యాషార్ ప్రాణం కొట్టుకుంది. కారులో అందరూ నవ్వారు. వాళ్ళతోపాటు అతనూ నవ్వాడు.