మట్టికోర్టు పిన్ని

పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, తుంపర సమంగా పడేలా పిన్ని వెనక్కి వెనక్కి నడుస్తోంది. మోచేతుల దాకా మడిచిన మగవాళ్ల చొక్కా, ఎండకు నల్లబడిన మెడ, ఎంత తోమినా వదలని ఎర్రమట్టి పట్టిన మడమలు. మూతపడిన నూలుమిల్లు వెనక ఉన్న ఆ ఒక్క టెన్నిస్ కోర్టే ఆమె ఉద్యోగం.

ముగ్గురక్కల పిల్లలూ ఆమె చేతుల మీదే పెరిగారు. వాళ్ల పిలుపే అందరికీ అంటుకుంది. తనకు పెళ్లి కాలేదని దిగులుపడేందుకు కూడా తీరిక దొరకలేదు.

కోర్టు పక్క బాత్రూంలో ఆటగత్తె కూర్చుని ఉంది. ఆమె తాగిన దగ్గుమందులో ఏదో నిషిద్ధమైనది ఉందని తేలి, రెండేళ్లు ఆడకూడదన్నారు. పేరున్న క్లబ్బులేవీ గడప తొక్కనివ్వకపోతే ఇక్కడికొచ్చి గోడకేసి బంతులు కొట్టింది. ఆమెకు జలుబు చేసినా పిన్ని భయపడి చెంచాడు తేనె కూడా ఇవ్వలేదు.

నిన్నటితో గడువు తీరింది. మధ్యాహ్నం బస్సు అందుకుంటేనే సాయంత్రానికి పోటీలో పేరివ్వగలదు. సరిగ్గా ఇవాళే మూత్ర పరీక్షకు అధికారిణి ఊడిపడింది. ఇవ్వకుండా వెళితే మళ్లీ నిషేధం. ఇద్దామంటే, పొద్దుటి ఆటలో ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోయాయి. పైగా అధికారిణి గడపలో నిలబడి చూస్తూనే ఉండాలట.

"అలా గుడ్లప్పగించి చూస్తే ఎవరికొస్తుంది, నా బొంద," అని పిన్ని పైపు కట్టేసి వచ్చింది.

"నిదానంగానే కానివ్వండి. నేనెక్కడికీ పోను," అంది అధికారిణి.

"అదేనమ్మా మా బాధ."

"రావట్లేదు పిన్నీ," లోపల్నుంచి ఏడుపు గొంతు. "బస్సు పోతుంది."

పిన్ని అధికారిణి భుజం వెనక నిలబడి, పసిపిల్లల్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని చేసిన చప్పుడే చేసింది. "స్స్స్స్..."

లోపల పకపకా నవ్వు. "పిన్నీ, నాకు పాతికేళ్లు దాటాయి."

"అయితే ఏం, ఒంటికి గుర్తుంటుంది. నోర్మూసుకుని కూర్చో. స్స్స్స్..."

అధికారిణి నవ్వాపుకోలేక గోడకానుకుంది. కాసేపటికి ఆవిడ మొహం మారింది. "కాస్త ఆపండమ్మా. నాకొచ్చేలా ఉంది."

అప్పుడు వినబడింది లోపల్నుంచి ధార. పిన్ని రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. అక్క కూతురు మొదటి అడుగు వేసిననాడు కూడా ఇంత సంతోషం కలగలేదామెకు.

సీసాలకు సీలు వేసి సంతకాలయ్యేసరికి రోడ్డు మీద బస్సు హారన్ కొడుతోంది. ఆటగత్తె సంచి భుజాన వేసుకుని వచ్చి పిన్నిని వాటేసుకుంది.

"గెలిస్తే ఫోన్ చేస్తా."

"ఓడినా చెయ్యి. గెలిస్తే నీకు తీరికుండదు."

బస్సు మలుపు తిరిగి వెళ్లిపోయింది. కాలు చురుక్కుమంటే పిన్ని చెప్పుల కోసం వెతికింది. కంగారులో పిల్ల అవే తొడుక్కుని ఎక్కేసింది. వట్టికాళ్లతో నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, కడుపుబ్బా నవ్వుకుంది పిన్ని.

బాత్రూం గడప బయట ఆటగత్తె బూట్లు, లేసులైనా విప్పకుండా లాగేసినవి, ఎర్రమట్టితో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.