చర్చి డాబా మీద గుండిగ

నేను ఒక గుండిగను. పెళ్ళి భోజనాల దగ్గర మీరు నన్ను చూసే ఉంటారు, కాకపోతే అన్నం మీద ఉన్న ధ్యాసలో నా ముఖం గుర్తుండదు. పెద్ద పొట్ట, వెడల్పాటి నోరు, అటూ ఇటూ రెండు కడియాలు. రాజమండ్రిలో ఒక కార్ఖానాలో అల్యూమినియం రేకును సాగదీసి నన్ను చేశారు. చేసిన మేస్త్రి సుత్తి దెబ్బ వేసినప్పుడల్లా వాళ్ళ అత్తగారిని తలుచుకునేవాడు. నా అంచు అంత గట్టిగా కుదరడానికి ఆవిడే కారణం.

మొదట నన్ను వంటల కాంట్రాక్టరు బుల్లబ్బాయి కొన్నాడు. కూర బాగుంటే అతన్ని మెచ్చుకునేవారు. అడుగంటితే నన్ను తిట్టేవారు. కొన్నాళ్ళకు అతను స్టీలు సామాను కొనుక్కుని, నన్ను గోదావరి మధ్యలో ఉన్న మల్లెలంకలోని చర్చివాళ్ళకు అమ్మేశాడు.

నన్ను కొనిపించింది సువార్తమ్మ. భర్త పోయి చాలాకాలమైంది. ఊరూరా తిరిగి కూరగాయలు అమ్ముకుంటుంది, పండగలకు చర్చిలో వంట చేస్తుంది. దేవుడితో గోడ అవతలి మనిషితో మాట్లాడినట్టు బిగ్గరగా మాట్లాడుతుంది. "ప్రభువా, ఈ రోజు వంకాయలు పోకపోతే రేపటికి వాడిపోతాయి, చూసుకో మరి" అనడం నేను నా చెవులారా విన్నాను. కడియాలను చెవులనే అంటారు లెండి.

చర్చి సంఘ పెద్ద దానియేలుకు మాత్రం నేను నచ్చలేదు. అసలు ఆయనకు ఏదీ నచ్చదు. ఎండ కాస్తే పంట ఎండుతుందని దిగులు, మబ్బు పడితే ఏరు పొంగుతుందని దిగులు. ఈ రెండూ లేని రోజున, ఏదో మర్చిపోయానని దిగులు.

"ఉన్నదే నాలుగు గడపలం. ఇంత గుండిగ ఎందుకు సువార్తమ్మా?" అన్నాడు.

"ఎంతమంది వస్తారో దేవుడు మనకి ముందు చెప్పి పంపుతాడేటి అన్నయ్యా?" అంది ఆవిడ.

ఆ ఏడు వానాకాలంలో దానియేలు దిగులు నిజమైంది. తెల్లవారేసరికి గోదావరి వీధిలోకి వచ్చేసింది. లంకలో ఎత్తయినది చర్చి డాబా ఒక్కటే. జనం పిల్లల్ని, కోళ్ళని, ట్రంకుపెట్టెల్ని పట్టుకుని మెట్లెక్కారు. సువార్తమ్మ తన పెట్టె ఇంట్లోనే వదిలేసి నన్ను మోయించుకొచ్చింది.

"మనుషులకే చోటు లేదు, వండడానికి గింజ లేదు. ఇదెందుకమ్మా?" అని దానియేలు నెత్తి కొట్టుకున్నాడు.

"గింజ లేదు కాబట్టే తేలిగ్గా ఉంది. ఓ చెయ్యి వెయ్యి అన్నయ్యా."

అందరూ ఎక్కాక, నడుము లోతు నీళ్ళలో సత్తిరాజు, ఆయన భార్య వచ్చారు. లంకలో పెద్ద రైతు ఆయన. ఏటి ఒడ్డున ఉన్న పెంకుటింట్లో నీళ్ళు నిండిపోయాయి. చర్చి ఉన్న ఈ పేటలోకి ఆయన ఎన్నడూ అడుగు పెట్టలేదు, అందుకే మెట్ల దగ్గర ఆగిపోయి ఎటో చూస్తూ నిలబడ్డాడు.

సువార్తమ్మ పిట్టగోడ మీంచి వంగింది. "రండి రాజుగారూ! గోదారి మన పేర్లు అడిగి రావట్లేదు గదండీ."

ఆయన భార్యతో పాటు ఎక్కాడు. కూర్చోవడానికి చోటు లేక, బోర్లించిన నా మీదే కూర్చున్నాడు. నాకూ కాస్త గౌరవంగా అనిపించింది.

గౌరవం ఎంతోసేపు నిలవలేదు. వాన మొదలవగానే సువార్తమ్మ ఆయన్ని లేపి, నన్ను వెల్లకిలా తిప్పింది. "తాగే నీళ్ళు పైనించి పంపుతున్నాడు. పట్టుకోవడం మన పని" అంది. సాయంత్రానికి సగం నిండాను. చుట్టూ అంత నీరున్నా తాగడానికి ఒక్క చుక్క లేదని అప్పటిదాకా ఏడ్చినవాళ్ళు, నా దగ్గర గ్లాసులతో వరసకట్టారు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. తాగే నీళ్ళు బిందెల్లోకి వంపి, నన్ను మూడు ఇటుకల మీదికి ఎక్కించారు. కట్టెలు లేవు. కూర్చుంటే కిర్రుమని ప్రసంగం చెడగొట్టే చర్చి పాత బల్ల ఒకటి మెట్ల పైన రేకు కింద తడవకుండా ఉంది. దాని కాళ్ళు విరగ్గొట్టడానికి దానియేలు బాధపడుతూ ఒప్పుకున్నాడు. తడిసిన బియ్యం తలా గుప్పెడు పోశారు. ఆ కాసిని మెతుకులు ఇంతమందికి ఏ మూలకని చూస్తుండగా, ఎవరో కేకేశారు.

"అదిగో గుమ్మడికాయలు!"

నిజమే. నీళ్ళ మీద ఒకదాని వెనక ఒకటిగా గుమ్మడికాయలు తేలుతూ వస్తున్నాయి. ఈత వచ్చినవాళ్ళు దూకి పట్టుకొచ్చారు. సువార్తమ్మ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం!" అంది.

"ఆగండాగండి" అని సత్తిరాజు లేచాడు. "అవి నా పాదువి!"

సువార్తమ్మ చేతులు అలాగే గాలిలో ఉండిపోయాయి.

ఆయన ఒక కాయను తిప్పి చూసి, మీసం గోక్కున్నాడు. "ముక్కలు పెద్దవి కొయ్యండి. మా కాయ లేతగా ఉంటది, చిన్నవైతే కరిగిపోద్ది."

నాలో ఎన్నో పెళ్ళిళ్ళ కూరలు వండారు. ఇంత నిశ్శబ్దంగా, ఇంత శ్రద్ధగా తిన్నవాళ్ళను మాత్రం అప్పుడే చూశాను. సత్తిరాజు దానియేలు పక్కనే కూర్చుని అదే కూర రెండోసారి పెట్టించుకున్నాడు.

అసలు కష్టం మధ్యాహ్నం వచ్చింది. దానియేలు కూతురు మెర్సీ పురిటికి పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె పసిబిడ్డకు ఒళ్ళు కాలిపోతోంది. పాలు తాగదు, ఏడవదు. ఏడ్చే ఓపిక కూడా పోయింది.

సువార్తమ్మ బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. లేచి వచ్చి, ఎవరికీ కనపడకుండా నా వెనక చతికిలబడింది. ఆవిడ గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు.

"ప్రభువా, అందరికీ ధైర్యం చెప్పానే గానీ, నాకే ధైర్యం చాలట్లేదు. గుమ్మడికాయ పంపినవాడివి. పడవ పంపలేవా?"

జవాబు వెంటనే రాలేదు. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్ళీ వెళ్ళి బిడ్డకు తడిగుడ్డ వేసింది. వేస్తూనే ఉంది.

పొద్దు వాలకముందే పడవ వచ్చింది. కానీ చర్చి దాకా రాలేకపోయింది. వీధికి అడ్డంగా కరెంటు స్తంభాలు, కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. వాటి అవతలే ఆగి, పడవవాడు చేతులూపాడు. మధ్యలో ఛాతీ లోతు నీళ్ళు, వాటికి మంచి వడి. బాలింత, పసిబిడ్డ ఎలా దాటాలి?

దానియేలు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి నన్ను చూశాడు.

నేను వండేదాన్ని, ఈదేదాన్ని కాదు! ఆ మాట చెప్పడానికి నాకు నోరు ఎంత పెద్దదున్నా ఏం లాభం? గుమ్మడికూర వాసన పోకముందే నన్ను నీళ్ళలోకి దింపారు. బక్కపలచని మెర్సీ బిడ్డను గుండెకు హత్తుకుని నాలో ముడుచుకుని కూర్చుంది. ఒక కడియం దానియేలు పట్టుకున్నాడు. రెండో కడియం సత్తిరాజు పట్టుకున్నాడు.

"ఇది తిరగబడితే?" అన్నాడు దానియేలు, అలవాటు ప్రకారం.

"నువ్వొదిలితే తిరగబడుద్ది. ఒదలకు" అన్నాడు సత్తిరాజు.

డాబా మీద సువార్తమ్మ పాట అందుకుంది. శ్రుతి లేదు గానీ పాట ఆగలేదు. సగం దూరంలో ఒక దుంగ వచ్చి నా పొట్టకు తగిలింది. గిర్రున తిరిగాను. మెర్సీ కెవ్వుమంది. దానియేలు కాలు జారి, తల నీళ్ళలోకి పోయింది. చెయ్యి మాత్రం కడియాన్ని వదల్లేదు. పైకి తేలి, నీళ్ళు కక్కుతూ "తండ్రీ, పట్టుకో! నేను పట్టుకున్నాను, నువ్వు నన్ను పట్టుకో!" అని అరిచాడు. దిగులు లేకుండా ఆ మనిషి మాట్లాడటం అదే మొదటిసారి.

పడవవాడు చెయ్యి చాచి బిడ్డను అందుకున్నాడు. ఆస్పత్రిలో నాలుగైదు రోజులకు జ్వరం దిగింది. చెవులు చిల్లులు పడేలా ఏడుస్తోందని కబురొస్తే, ఏడుపు కబురుకు జనం నవ్వడం నేను అప్పుడే చూశాను.

నీళ్ళు తీశాక చూస్తే, సువార్తమ్మ ఇల్లున్న చోట ఒక్క గుంజ మిగిలింది. సత్తిరాజు దాని దగ్గర నిలబడి మెల్లగా అడిగాడు. "అంత పాడావు గదమ్మా. మీ దేవుడు నీ ఇల్లు నిలబెట్టలేదేం?"

"తెలీదండి" అందావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ఏడుపొస్తంది, ఏడుస్తాను. అయితే ఆయన నన్నొదిలేశాడని మాత్రం అననండి. ఆ డాబా మీద నేను ఒంటరిగా లేను."

మర్నాడు సత్తిరాజు బండి మీద వెదురుబొంగులు, తాటాకు వచ్చాయి. దానియేలు గుంజలు పాతాడు.

ఇక నా సంగతి. దుంగ దెబ్బకు నా పొట్ట సొట్టపోయింది. వరద తగ్గినందుకు చర్చిలో పెట్టుకున్న కృతజ్ఞత కూడిక నాడు దానియేలు నన్ను తోమించి, చామంతి దండ వేసి, చర్చి ముందు బల్ల మీద పెట్టాడు. వచ్చినవాళ్ళు నా అంచు ముట్టుకుని కళ్ళకద్దుకుంటున్నారు. ఒకావిడ జలుబు చేసిన మనవణ్ణి తెచ్చి, కాసేపు నాలో కూర్చోబెట్టమని బతిమాలింది. నిజం చెప్పొద్దూ, నాకు బాగానే ఉంది. నేను మామూలు గుండిగను కానేమోనని నాకే అనుమానం వచ్చింది.

అప్పుడొచ్చింది సువార్తమ్మ, చేతిలో గరిటెతో.

"ఏటన్నయ్యా ఇది? గుండిగకి దండేటి?"

"మన బిడ్డని కాపాడింది గదమ్మా."

"కాపాడినాయన వేరు. ఆయన ఆ రోజు గుండిగ వాడుకున్నాడు, నీ చెయ్యి వాడుకున్నాడు, రాజుగారి చెయ్యి వాడుకున్నాడు. మరి నీ మెడలో దండేదీ?"

దానియేలు గబుక్కున మెడ తడుముకున్నాడు. జనం గొల్లుమన్నారు. ఆవిడ దండ తీసి పక్కన పెట్టి, నన్ను పెరట్లోకి దొర్లించుకుపోయింది. సొట్ట వల్ల ఒరిగిపోతుంటే అడుగున పెంకుముక్క దోపి, నీళ్ళు పోసి, మంట పెట్టింది.

"బేగా మరుగు" అంది నాతో. "ఊరంతా ఆకలిమీదుంది."