గాలి ఉండాలట, అత్తమ్మా

జూలై రెండో ఆదివారం ఉదయం ఆరుంబావుకి మా ఇంట్లో టీ లేదు. కారణం, నేను ఇంట్లో లేకపోవడం. ఆ సమయానికి ఇస్నాపూర్‌లో ఎక్కిన బస్సులో పటాన్‌చెరు దాటుతున్నాను. చుడీదార్ లోపల రబ్బరు సూటు వేసుకుని ఉన్నాను.

ఫోన్ మోగింది. మా అత్త రాధమ్మ.

“టీ పొడి ఏ డబ్బల ఉన్నది?”

“పసుపు అని రాసున్న డబ్బల, అత్తమ్మా.”

“పసుపు డబ్బల టీ పొడి ఎవరు పొయ్యమన్నరు నిన్ను?”

“మీరే పోసిన్రు. మొన్న డబ్బలు తోమినప్పుడు.”

పెట్టేసింది. బస్సు రామచంద్రాపురం చేరేసరికి మా ఆయన శ్రావణ్‌కుమార్ ఫోన్ చేశాడు. స్టవ్ అంటుకోవడం లేదట. సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ తిప్పమన్నాను. ఆయన ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ సెక్షన్ ఇన్‌చార్జి.

“అమ్మా, కాళ్లు జెర లోపటికి తీస్కో. తొవ్వకు అడ్డమున్నయ్,” అన్నాడు కండక్టర్.

తీసుకోలేకపోయాను. సూటు వేసుకున్నాక నా మోకాళ్లు వంగడం లేదు.

సూటు సంగతి ఇది. సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో మోకాలి పట్టీలు, నడుము బెల్టులు కుట్టే ఒక యూనిట్లో నేను క్వాలిటీ చూస్తాను. ఆ పట్టీలకు వాడే రబ్బరుతోనే నీళ్ల ఆటలవాళ్లు వేసుకునే వెట్‌సూట్లు కూడా కుడతారు. ఒక విదేశీ కంపెనీ మాతో రెండు శాంపిళ్లు కుట్టించి, ఒక స్త్రీ వాటిలో ఒకటి వేసుకుని విండ్‌సర్ఫింగ్ చేసి రిపోర్టు రాయాలని మెయిల్ పెట్టింది. అంటే పలక మీద నిలబడి, దానికి బిగించిన తెరచాప పట్టుకుని, గాలితో నీళ్ల మీద పోవడం. మా మేనేజర్ హరినాథ్ మీటింగులో అందరి ముందూ నా వైపు చూశారు.

“నిషితగారూ, మీది మీడియమే కదండీ?”

నా సైజు నేను ఆఫీసులో ఎప్పుడూ చెప్పలేదు. స్టోర్సులో పనిచేసే దశరథ్ అవునన్నట్టు తలూపాడు. ఆదివారం పనికి ఓటీ ఇస్తారా అని అడిగాను.

“ఆడుకోడానికి ఓటీ ఏంటండీ?” అన్నారు హరినాథ్.

ఇంట్లో మాట్లాడటానికి మూడు సాయంత్రాలు పట్టింది. మొదట సూటు. ఒకటి చేతులు, కాళ్లు మొత్తం కప్పేది, నాలుగు మిల్లీమీటర్ల మందం. రెండోది చేతులు లేనిది, రెండు మిల్లీమీటర్లు. మా ఆయన మొదటిదే తీసుకోమన్నాడు. “అన్నీ కప్పుతది” అన్నది ఆయన కారణం. అత్తమ్మ కూడా చేతులున్నదే నయమంది. పైగా, ఉతికితే ముడుచుకుపోతుంది కాబట్టి ఒక సైజు పెద్దది అడగమంది. హుస్సేన్‌సాగర్‌లో విండ్‌సర్ఫింగ్ నేర్పే తనుశ్రీకి ఫోన్ చేశాను. మన నీళ్లకు రెండు మిల్లీమీటర్లే ఎక్కువని, చాప పట్టుకోవడానికి చేతులు వదులుగా ఉండాలని, సూటు ఒంటికి బిగుతుగా ఉండకపోతే లోపల నీళ్లు నిండుతాయని ఆమె చెప్పింది. పైన టీషర్టు వేసుకుంటానన్నాక చేతుల సమస్య తీరింది.

తర్వాత చోటు. మా మామ కొమురయ్య సింగూరు డ్యాం అన్నాడు.

“మన జిల్లల గంత నీళ్లుండంగ పట్నం ఎందుకు?”

“అండ్ల మొసళ్లున్నయ్ నాయనా,” అన్నాడు మా ఆయన.

“మొసలి అందరి జోలికి రాదు. దానికి దినం గూడ రావాలె.”

“ఏ నీళ్లయితేంది,” అంది అత్తమ్మ. “బాత్రూముల డ్రమ్మున్నది గద. సూటు ఏసుకొని అండ్ల మునుగు. రాసియ్యి.”

అలా రాసిచ్చినా హరినాథ్ ఏమీ అనరు. ఆ సంగతి అత్తమ్మకంటే ముందే నాకు తోచింది. ఎవరికీ చెప్పలేదు. నాకు డ్రమ్ము అక్కర్లేదు, చెరువు కావాలి. ఈత వచ్చు. బొంతపల్లిలో మా నాయన బావిలో నేర్పాడు, పెద్దమనిషినయ్యాక మా అమ్మ మానిపించింది. ఇప్పుడు వారంలో ఆరు రోజులు కంపెనీవి. ఆదివారం నాకు సెలవని మా ఆయన అందరికీ చెబుతాడు. “ఇయ్యాల నీకు సెలవే గద, జెర కర్టెన్లు ఉతుకరాదు.” “సెలవే గద, అమ్మకు తలకు పొయ్యి.” “సెలవే గద, మా దోస్తులు నలుగురు తింటానికొస్తున్నరు.” పెళ్లయిన ఈ తొమ్మిదేళ్లుగా ఆ సెలవు నాకు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలియలేదు.

“గాలి ఉండాలట, అత్తమ్మా,” అన్నాను. “మెయిల్ల రాసిన్రు.”

డ్రమ్ములో గాలి లేదన్నది అందరూ ఒప్పుకున్నారు.

“ఒక్క ఆదివారమే,” అన్నాడు మా ఆయన. “మల్ల మల్ల అంటే నడువది.”

చెరువు గట్టున చుడీదార్ తీశాక తనుశ్రీ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు.

“అక్కా, సూట్ వెనకది ముందుకు వేసుకున్నారు.”

నైటీకి జిప్పు ముందే ఉంటుంది. నేనూ అలాగే వేసుకున్నాను. మోకాళ్లకని కుట్టిన మందపు ముక్కలు ఇస్నాపూర్ నుంచి నా మోకాళ్ల వెనక ఉన్నాయి. తిప్పి వేసుకున్నాను. వెనక జిప్పు పెట్టడానికి సాయం రమ్మంటే తనుశ్రీ రాలేదు. జిప్పుకు పొడుగు పట్టీ ఉంటుంది, భుజం మీదుగా అందుకుని ఎవరికి వాళ్లే లాక్కోవాలి అంది. లాక్కున్నాను. మా ఇంట్లో వీపు మీది హుక్కుకైనా, జిప్పుకైనా ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. పిలిస్తే, “ఇదొకటి మల్ల,” అంటారు.

ఫోన్ లాకర్లో పెట్టమంది. అప్పటికి అది మళ్లీ మోగుతోంది. టీషర్టు మీద వేసుకోమని లైఫ్‌జాకెట్ ఇచ్చింది.

గాలి వీపుకు తగిలేలా పలక మీద నిలబడాలి. నీళ్లలో పడున్న చాపను తాడుతో పైకి లాగాలి. నడుముతో లాగితే నొప్పి, మోకాళ్లు వంచి ఒంటి బరువుతో లాగాలి. లాగాను, పడ్డాను. ఎక్కాను, లాగాను, రెండో పక్కకు పడ్డాను. పడ్డప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. కొంతసేపటికి చాప నిలబడింది. దాని అడ్డబొంగు పట్టుకున్నాను. పలక కదిలింది. నేను దాని మీదే ఉన్నాను.

గట్టు దూరమైంది. వెనకే వస్తున్న పడవలోంచి తనుశ్రీ కేక వేసింది.

“అక్కా, చాప వదిలేయండి. ఆగిపోతుంది.”

వదిలేస్తే ఆగిపోతుందని గట్టు మీదే చెప్పింది. నాకు గుర్తుంది. కొంతసేపు వదల్లేదు.

నేనెక్కిన పలకను పడవకు కట్టి వెనక్కి తెచ్చారు. “వెళ్లడం గాలి చేసేస్తుంది అక్కా. గాలికి ఎదురు తిరిగి రావడం మనం నేర్చుకోవాలి. అది తర్వాతి క్లాసు,” అంది తనుశ్రీ.

ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. ముగ్గురూ హాల్లో ఉన్నారు. వంట కాలేదు.

“అయిపోయినట్టేనా ఇగ?” అన్నాడు మా ఆయన.

“పోవుడు వచ్చింది. వాపసు వచ్చుడు ఇంక నేర్పలే.”

“మరెట్లొచ్చినవ్ బిడ్డా?” అన్నాడు మామ.

“పడవకు కట్టి గుంజుకొచ్చిన్రు.”

అత్తమ్మ లేచి కూర్చుంది.

“గుంజుకొచ్చుడేంది? నలుగురు సూడంగనా?”

“శానమంది ఉన్నరు అత్తమ్మా.”

“మన ఇజ్జత్ ఏం గావాలె. వాపసు వచ్చుడు నేర్పకుండ ఎట్ల తోల్తరు మనిషిని?”

“మల్ల పోకుంటే వాపసు వచ్చే పనే లేదు గద,” అన్నాడు మా ఆయన. మాట సరైనదే. ఎవరూ పట్టించుకోలేదు.

“నువ్వూకోరా. నీ పెండ్లాం నీళ్ల నడుమ నిలవడితే నువ్వు పోయి తెస్తవా? నీకు ఈత గూడ రాదు,” అంది అత్తమ్మ. నా వైపు తిరిగింది. “వచ్చే ఐతారం పోయి మంచిగ నేర్చుకో.”

మామ కూడా అదే అన్నాడు.

తిరిగి రావడం కొందరికి ఒక్క క్లాసులో వస్తుందని, కొందరికి వానాకాలమంతా పడుతుందని తనుశ్రీ చెప్పింది. నాకెంత పడుతుందని ఇంట్లో ఎవరూ అడగలేదు. సోమవారం లంచ్‌లో ఆమెకు ఫోన్ చేసి, సెప్టెంబరు చివరి దాకా ఆదివారాలన్నిటికీ నా పేరు రాయించాను.