సర్పంచ్ ముఖం

చిననాగవలస పంచాయతీ ఆఫీసు గోడకి కట్టిన ఫ్లెక్సీలో గణపతిరావు మీసం మనిషి మోచేతి పొడవుంది. మరీ పెద్దదైపోయిందని వెంట తిరిగే ఎర్రన్న అన్నాడుగానీ గణపతిరావుకి అదే నచ్చింది. కింద ఎర్రటి అక్షరాలతో 'గ్రామ సంప్రదాయ పరిరక్షణ సమితి, అధ్యక్షులు' అని రాయించాడు. సమితిలో మొత్తం పదకొండుమంది. పదకొండుమందీ మగవాళ్లేనని వేరే చెప్పక్కర్లేదు.

ఆ సమితి పుట్టడానికి కారణం గౌరి. బొబ్బిలి వైపు మనిషి. మహిళా సంఘాలని వెంటేసుకుని మండలమంతా ప్రచారం మొదలుపెట్టింది. పదో తరగతి ప్యాసైన ఆడపిల్లకి సంబంధాలు వెతక్కండి, పాలిటెక్నిక్‌లో వెయ్యండి అంది. పొలానికి మందు కొట్టే డ్రోన్‌ని ఆడవాళ్లు నడపాలంది. గెలిచిన ఆడ సర్పంచ్ తన కుర్చీలో తనే కూర్చోవాలంది. మొదటి మాటకి గణపతిరావు గొణిగి ఊరుకున్నాడు. రెండోదానికి నవ్వాడు. మూడోది విన్నప్పుడు మాత్రం ఒళ్లు మండిపోయింది. మండదా మరి, ఆ కుర్చీలో నాలుగున్నరేళ్లుగా కూర్చుంటున్నది తనే కదా.

సీటు ఆడవాళ్లకి రిజర్వయిందని తెలిసిన రోజే భార్య ధనలక్ష్మి చేత నామినేషన్ వేయించాడు. గెలిచింది ఆవిడ, దండలేసుకుని ఊరేగింది ఇతను. ఆనాటి నుంచీ ఊళ్లో ప్రెసిడెంటంటే గణపతిరావే. ధనలక్ష్మి మాత్రం ఎప్పటిలాగే వరి ఊడ్పులకీ, నువ్వుల చేలో కలుపుకీ పోతూ ఉంది. ఆవిడ సంతకం కూడా ఆవిడకంటే ఇతనే గుండ్రంగా పెడతాడు.

ఆ పొద్దు సమితి సభలో గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆడపిల్లల్ని సదివించండన్నారు, సరే అన్నాం. ఆడోలు ఓటెయ్యాలన్నారు, సరే అన్నాం. ఇప్పుడు ఆకాశం కూడా ఆలకే కావాలంతన్నారు. ఆ మిసను కింద పడితే ఎవుడి బుర్ర పగులుతాది?"

"మగోడి బుర్రే," అన్నాడు ఎర్రన్న, ఎక్కడ చప్పట్లు కొట్టించాలో తెలిసినవాడిలా.

సోమవారం నుంచి శనివారం దాకా ఎస్.కోట దగ్గర ఆడవాళ్లకి డ్రోన్ శిక్షణ అట. ఆఖరి రోజు సమితి మొత్తం నల్ల రిబ్బన్లు కట్టుకుని ఆ గేటు ముందు నిలబడాలని గణపతిరావే తీర్మానం చేశాడు. అందరూ చేతులెత్తారు. టీలు తాగి ఎవరి దారిన వాళ్లు పోయారు.

వాళ్లు అలా వెళ్లారో లేదో, పంచాయతీ సెక్రటరీ త్రినాథ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో ఓ కాగితం ఉంది.

"ప్రెసిడెంటు గారూ, కొంప మునిగిందండి. శిక్షణలో మొదటి బ్యాచి ఆడ సర్పంచులేనంట. ధనలక్ష్మమ్మ గారి పేరుంది."

"ఉంటే ఏటి? ఒంట్లో బాగోనేదని రాసెయ్."

"కుదరదండి. ఒక్క రోజు మానేసినా నోటీసు, విచారణ. రోజూ పొద్దుటా సాయంత్రం అక్కడే నిలబడి ఫోన్లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి." త్రినాథ్ గొంతు తగ్గించాడు. "ముఖం, అండి."

ఆ మాటతో గణపతిరావు మీసం కిందికి జారింది. ఎందుకు జారిందో తెలియాలంటే కిందటేడు జరిగింది చెప్పాలి. సర్పంచులంతా కొత్త యాప్‌లో ముఖం నమోదు చేయించుకోవాలని కబురొచ్చింది. ఆ రోజు ధనలక్ష్మి మోకాలి లోతు బురదలో ఊడ్పుల్లో ఉంది. ఆవిడ వచ్చి, కాళ్లు కడుక్కుని, చీర మార్చుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. గణపతిరావుకి అంత ఓపిక లేదు. సంతకం నాదే, ఫోను నాదే, ముఖం మాత్రం వేరే ఎందుకని కుర్చీలో సర్దుకుని కూర్చుని కళ్లు ఆర్పాడు. త్రినాథ్ ఉద్యోగంలో చేరి అప్పటికి నెలే అయింది, నోరెత్తలేదు. యంత్రానికి మీసమేమిటో ముక్కుపుడకేమిటో తెలీదు, ఒప్పేసుకుంది. అలా ప్రభుత్వం లెక్కలో కోట ధనలక్ష్మి, వయసు నలభై మూడు, అంటే గణపతిరావు ముఖమే.

"విచారణ అంటే ఆ ఫొటో తెరుస్తారండి. తెరిస్తే అమ్మగారి పదవి పోద్ది, నా ఉద్యోగం పోద్ది. మీ సంగతి మీకే తెలియాలి," అన్నాడు త్రినాథ్.

ధనలక్ష్మి అప్పుడే చేలోంచి వచ్చి నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. విషయమంతా విని, చెంబు పక్కన పెట్టి, చాలాసేపు నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే ఆరు దినాలూ ఇద్దరం ఎళ్లాల బావ. ముఖం నీది, సేతులు నావి."

పళ్ల డాక్టరు దగ్గరికి విజయనగరం వెళ్తున్నానని గణపతిరావు ఎర్రన్నకి చెప్పాడు. ఆరు రోజులకి ఆరు పళ్లా అని ఎర్రన్న నిజంగానే జాలిపడ్డాడు.

శిక్షణ ఓ పాత రైస్ మిల్లు గొడౌన్లో పెట్టారు. వెనక ఖాళీ పొలం, పొలం చుట్టూ తాడు. గేటు బయట నుంచే హాజరు వేసేద్దామని గణపతిరావు అనుకున్నాడుగానీ, గొడౌన్లో కాలు పెడితేగానీ యాప్ ఒప్పుకోలేదు. గోనె బస్తాల చాటుకెళ్లి, తలమీద తువ్వాలేసుకుని, ఫోన్లోకి చూసి కళ్లు ఆర్పాడు. ఫోను ఊరికే ఉండచ్చు కదా, ఓ ఆడ గొంతుతో గట్టిగా పలికింది: "ధనలక్ష్మి గారూ, మీ హాజరు నమోదైంది." గణపతిరావు దగ్గు తెచ్చుకుని దగ్గాడు.

"ఎవరు బాబూ నువ్వు? ఇక్కడ మగోలకి పనేటి?" గౌరి ఎదురుగా నిలబడి ఉంది. మనిషి చిన్నదే, చూపు మాత్రం తాసీల్దారు చూపు.

"డ్రైవర్నండి. బండి మీద మేడాన్ని తెచ్చాను."

"డ్రైవరైతే ఊరికే కూకోకు. ఆ డబ్బాతో నీళ్లు తే. డ్రోన్ ట్యాంకులో పొయ్యాల."

అలా సంప్రదాయ పరిరక్షణ సమితి అధ్యక్షులవారు ఆడవాళ్లు ఎగరేసే డ్రోన్‌కి నీళ్లు మోశారు. మొదటి రోజు మూతి ముడుచుకుని మోశాడు. రెండో రోజు బ్యాటరీలు మార్చడం కూడా నేర్చుకున్నాడు. నేర్చుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

మూడో రోజు గౌరి బోర్డు మీద చేను గీసి, మందు ఎటు నుంచి మొదలుపెట్టాలని అడిగింది. తక్కిన సర్పంచులు ఫోన్లో దిక్కులు చూస్తున్నారు. ధనలక్ష్మి లేచి, నేలమీదున్న ఊక చిటికెడు తీసుకుని, గుమ్మంలోకెళ్లి చెయ్యెత్తి వదిలింది.

"ఇప్పుడు పడమటి గాలి. పది దాటితే కొండకాడ నుంచి తిరుగుతాది. తిరిగినాక గాలికెదురుగా నిలబడి మొదలెడితే మందంతా మన మీదే పడతాది."

"నీకెలగ తెలుసమ్మా?"

"కళ్లంలో తూర్పారబట్టింది నానే కదా. గాలి తప్పితే పొట్టు కంట్లో పడతాది."

గౌరి బోర్డు మీదున్నది తుడిచి మళ్లీ గీసింది. బస్తాల దగ్గర కూర్చున్న గణపతిరావు ఛాతీ ఉబ్బింది. పక్కనున్న అసలు డ్రైవరు భుజం తట్టి "సూసావా, ఆవిడ మా..." అని మొదలుపెట్టి, గుటకేసి ఆగిపోయాడు. ఇరవై మూడేళ్ల కాపరంలో భార్యని గురించి గొప్పగా చెప్పుకోవాలనిపించిన మొదటి రోజది. తీరా ఆ రోజు చెప్పుకునే వీల్లేదు. గాలి ఎటుందో ఇన్నేళ్లూ ఎర్రన్నని అడిగేవాడు, ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి అతన్ని రోజంతా గుచ్చింది.

శుక్రవారం సాయంత్రం అందరి ఫోన్లకీ సర్టిఫికెట్ నమూనా వచ్చింది. తప్పులుంటే రేపు పొద్దున్నే చెప్పండి, జిల్లా నుంచి మేడం వచ్చి తెరమీద చూపించి ఇస్తారని గౌరి చెప్పింది. ఇంటికొచ్చే దారిలో ధనలక్ష్మి బండి ఆపించి ఫోను తీసుకుంది. డ్రోన్ పైలట్, కోట ధనలక్ష్మి, అని చక్కటి అక్షరాలు. పక్కన ఫొటోలో గణపతిరావు మీసం.

"రేపు హాజరేసి వచ్చీద్దాం," అన్నాడు గణపతిరావు. "జొరమని సెప్పీద్దాం. ఇంకో నాలుగు నెలలు గడిస్తే పదవే అయిపోతాది. ఎవుడికీ తెలీదు."

"నాకు తెలుసు కదా."

"ఒసే, అందరి ముందూ నా పరువేటి అవుతాది?"

ధనలక్ష్మి ఫొటో వైపే చూస్తోంది.

"ఎన్నికప్పుడు కాయితం మీద నా పేరుంటే సాలన్నావు, సరే అన్నాను. కుర్చీ నువ్వు తీసుకున్నావు, నాకు అక్కర్నేదనుకున్నాను. ఈ మిసను మాత్రం నాను ఎగరేసాను బావ. అది పైకి లెగిసినప్పుడు రిమోట్ పట్టుకున్నది నా సేతులే, గాలి సూసింది నా కళ్లే. ఈ కాయితం మీద నీ మీసం ఉండకూడదు. పదవి పోతే పోనీ. నువ్వు సెప్పకపోతే నాను సెప్తాను."

ఇరవై మూడేళ్లలో ఇది నాకు కావాలని ఆవిడ అడగడం గణపతిరావు విననేలేదు. అడిగింది చీర కాదు, గాజులు కాదు. తన ముఖం తనకివ్వమంది. అతను బండి స్టార్టు చేశాడు.

శనివారం పొద్దున్న నీళ్ల డబ్బా భుజాన పెట్టుకుని గొడౌన్లోంచి బయటికి వస్తే, గేటు దగ్గర నల్ల రిబ్బన్లు. ఈ హడావుడిలో తను పెట్టిన ధర్నా తనే మరిచిపోయాడు. పదిమందీ వచ్చారు. ముందు వరసలో ఎర్రన్న ఫ్లెక్సీ పట్టుకుని నిలబడ్డాడు. ఫ్లెక్సీలో ఒక గణపతిరావు, దాని ఎదురుగా డబ్బాతో ఇంకో గణపతిరావు.

"పెసిడెంటు బావ," అన్నాడు ఎర్రన్న మెల్లిగా. "పళ్ల డాక్టరు ఇక్కడున్నాడేటి?"

అప్పుడే లోపల మైకులో జిల్లా మేడం గొంతు వినిపించింది. సర్టిఫికెట్లలో పొరపాట్లేమైనా ఉన్నాయా అని అడుగుతోంది. ధనలక్ష్మి లేచి నిలబడింది. గణపతిరావు గేటు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. డబ్బా దింపి గొడౌన్లోకి పెద్ద పెద్ద అంగలేశాడు.

"అమ్మా, ఆవిడ కాదు, నాను సెప్తాను. తప్పు నాది. ధనలక్ష్మి పేరు మీదున్న ముఖం నాది."

మొదలుపెట్టాక ఆగలేదు. ఊడ్పుల రోజూ, కుర్చీ, సంతకాలూ, డ్రైవరు వేషం, ఆఖరికి పళ్ల డాక్టరుతో సహా అన్నీ చెప్పేశాడు. త్రినాథ్ కుర్రాడు, తనే బలవంతం చేశానన్నాడు. తెరమీద పెద్ద మీసంతో 'ధనలక్ష్మి' ప్రత్యక్షం కాగానే గొడౌన్ రేకులు ఎగిరిపోయేలా నవ్వులు. గేటు దగ్గర సమితి కూడా నవ్వింది. ఎర్రన్న ఫ్లెక్సీ కింద పెట్టి మరీ నవ్వాడు. మేడం మాత్రం పెదవి బిగించుకుంది.

"ఇది నవ్వే విషయం కాదు. విచారణ తప్పదు. మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ ముఖం తీసేసి ఆవిడది ఎక్కిస్తాం. ముందు ఆవిడ పరీక్ష కానివ్వండి. మీరు తాడు అవతలికి వెళ్లండి."

పరీక్ష చూడ్డానికి సమితి కూడా గేటు దాటి వెనక పొలం తాడు దగ్గరికి చేరింది, గణపతిరావు వెళ్లి ఎర్రన్న పక్కన నిలబడ్డాడు. ధనలక్ష్మి కొంగు దోపుకుని, రిమోట్ మెడకి తగిలించుకుని, గాలి చూసుకుని డ్రోన్ లేపింది. పొలం సగం దాటేసరికి కొండ వైపు నుంచి గాలి తిరిగింది. డ్రోన్ ఓ పక్కకి ఒరిగింది. సమితి మొత్తం బుర్రలు పట్టుకుని కిందికి వంగింది. గణపతిరావు వంగలేదు. ధనలక్ష్మి తొందరపడకుండా దాన్ని ఉన్నచోటే నిలిపింది, గాలి తగ్గేదాకా ఆగింది, మళ్లీ గీత గీసినట్టు చివరిదాకా నీళ్లు కొట్టి తెల్ల సున్నం గుండ్రంలో దింపింది. గణపతిరావుకి ఏడుపొచ్చింది. దుమ్ము పడిందని ఎర్రన్నతో అనబోయి, ఇవాళ్టికి అబద్ధాలు చాలనుకుని, ఊరికే ఏడ్చాడు.

"మా కూతురు గుంటకి కూడా నేర్పుతారేటి?" అన్నాడు ఎర్రన్న, చేతికున్న నల్ల రిబ్బన్ విప్పుకుంటూ.

పరీక్ష అయ్యాక మేడం బల్ల దగ్గర కూర్చుని కాగితం తీసింది. ధనలక్ష్మి, గౌరి, తక్కిన సర్పంచులు, తాడు దాటొచ్చేసిన సమితి, అందరూ చుట్టూ మూగారు.

"మీ పేరు?"

"గణపతిరావండి."

"సర్పంచ్‌కి మీరేమవుతారు?"

నోటిదాకా చాలా వచ్చాయి. ఊళ్లో పది గుమ్మాల్లో అడిగినా అతన్ని ప్రెసిడెంటనే అంటారు. ఇక్కడ ఆరు రోజులు డ్రైవరన్నారు. గణపతిరావు తలమీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ధనలక్ష్మి గారి భర్తనండి."

ఒసే అన్న పిలుపు తప్ప ఇంకోటి ఎరగని ఆవిడ తల తిప్పి చూసింది. చుట్టూ ఎవరూ నవ్వలేదు. మేడం 'ధనలక్ష్మి భర్త' అని రాసి కింది గడిలోకి వెళ్లబోయింది. ధనలక్ష్మి బల్లమీదికి వంగి తన పేరు పక్కన వేలు పెట్టింది.

"అమ్మా, ఆయన ఎలగన్నాడో అలగే రాయండి."