వారం తిరిగినా మాయని ఫిల్టరు

ఆదివారం పొద్దున్న సూదమ్మ బండి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఎయిర్ ఫిల్టరు విప్పి, ఒళ్ళో పరుచుకున్న తెల్లగుడ్డ మీద టకటకా తట్టింది. గుడ్డ మీద ఆవగింజంత దుమ్ము కూడా రాలలేదు. తిప్పి తట్టింది. ఊహూఁ. వారం కిందట బిగించినదానికంటే ఇప్పుడే ఇంకా శుభ్రంగా కనబడింది.

రక్తపరీక్షల ల్యాబు తరఫున తెల్లవారకముందే ఇళ్ళకు వెళ్ళి నమూనాలు తీసుకురావడం ఆమె పని. పేషెంట్లు సూదమ్మ అని పిలిచేవారు, ల్యాబులోనూ అదే ఖాయమైంది. ఆ పనికోసమే నాలుగు నెలల కిందట పాత మోటార్‌సైకిలు కొనుక్కుంది. అంతకుముందు దాన్ని నడిపిన షోకిలారాయుడెవడో ఫిల్టరుండే నల్లపెట్టెను పీకి పారేసి, బయటికి కనబడే ఫిల్టరు బిగించాడు. సీటు కింద, ఇంజిను వెనక, గరాటు ఆకారంలో ఉంటుంది. నూలుగుడ్డ మడతలు, వాటికి పట్టించిన ఎర్రనూనె, పైన సన్నటి తీగవల. మూతా లేదు, చాటూ లేదు. రోడ్డు మీద లేచిన దుమ్మంతా వచ్చి దాని మొహానే కొడుతుంది.

"పెట్టెలో ఉన్నదాన్ని ఆర్నెల్లు మర్చిపోయినా పరవాలేదు. ఇది వీధరుగు మీద పడుకునే మనిషి లాంటిది చెల్లెమ్మా. వారం వారం కడుక్కోవాల్సిందే" అని మొదట్లోనే చెప్పాడు చెవుల మేస్త్రి. స్క్రూడ్రైవరు మొన ఇంజినుకీ, పిడి చెవికీ ఆనించుకుని బండి జబ్బు చెబుతాడు గనక అతనికా పేరు.

ఎలా కడగాలో కూడా అతనే నేర్పాడు. ముందు తట్టాలి. సబ్బునీళ్ళలో నానబెట్టాలి. లోపలినుంచి బయటికే నీళ్ళు పొయ్యాలి, బయటినుంచి పోస్తే మురికి ఇంకా లోతుకు దిగుతుంది. బ్రష్షుతో రుద్దకూడదు, పెట్రోలు తగలనివ్వకూడదు, ఎండలో పెట్టకూడదు. నీడన ఆరాక మడత మడతకీ పల్చగా నూనె పట్టించి బిగించాలి. ఇదంతా అయ్యేవరకు, ఇంజినుకి గాలి పంపే కార్బురేటరు నోటికి శుభ్రమైన గుడ్డ కట్టి ఉంచాలి. సూదమ్మ చేతివేళ్ళు నరం వెతికి పట్టుకోవడానికి అలవాటు పడ్డవి. ఆ పని ఆమెకు ఇట్టే వచ్చేసింది.

వారానికి నాలుగు రోజులు ఆమె కంకర మిల్లు రోడ్డు మీదుగా వెళ్ళాలి. ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా నెరిసినట్టుంటాయి. మరి ఫిల్టరుకి దుమ్మెందుకు పట్టలేదు?

మొదట సంతోషమే వేసింది. లోపలికెళ్ళి మొగుడికి చెప్పింది. అతను ముందుగదిలో కుట్టుమిషను మీద వంగి కూర్చున్న దర్జీ. బండి ఎక్కమంటే వెనక సీట్లో కూడా కళ్ళు మూసుకునే రకం.

"ఏమండీ, నా బండికి దుమ్మే అంటడం లేదు."

"మంచిదేగా. నా మిషను స్క్రూడ్రైవరు కనబడటం లేదు, అది చూశావా?"

చూడలేదంది. అత్తగారు పెరట్లో బట్టలు ఆరేస్తూ ఒకసారి ఇటు చూసి, దగ్గు వచ్చి అటు తిరిగింది. ముప్ఫయ్యొక్కేళ్ళు నూలుమిల్లులో చేసిన మనిషి. మాట తక్కువ, దగ్గు ఎక్కువ.

మర్నాడు మేస్త్రికి చెబితే అతను సంతోషించలేదు. చేతిలో రెంచీ కింద పెట్టాడు.

"దుమ్ము లేదా? మరి ఎటు పోయిందంటావు?"

"అంటే?"

"కాపలావాడి దగ్గర దొంగ దొరకలేదంటే దొంగ రాలేదనా, ఇంట్లో దూరాడనా?"

మేస్త్రి ఫిల్టరుకీ కార్బురేటరుకీ మధ్య రబ్బరు గొట్టాన్ని వేలితో తడిమి చూశాడు. పగుళ్ళు లేవు. అయినా గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు మార్చి, బిగించి, "ఇక చూడు, ఆదివారానికి నల్లగా వస్తుంది" అని భరోసా ఇచ్చాడు.

ఆదివారానికి తెల్లగా వచ్చింది.

ఈసారి ఇంకో వింత. మేస్త్రి బిగించినప్పుడు క్లాంపు స్క్రూ తల కిందికి ఉండటం తను చూసింది. ఇప్పుడది పైకి తిరిగి ఉంది. నూనె ఎరుపు కూడా వెలిసిపోయి, పాత గోడ రంగులా అయింది. ఎవరో తాకారు. ఎవరు? దొంగైతే ఎత్తుకుపోవాలి గానీ శుభ్రం చేసి పెట్టి పోతాడా?

"మీరేమైనా ముట్టుకున్నారా?" అని మొగుణ్ణి నిలదీసింది.

"నేనా? దానికి బ్రేకు ఏ పక్కనుందో కూడా నాకు తెలీదు. పిల్లిలాగా తనంతట తనే నాక్కుని శుభ్రం చేసుకుంటోందేమో."

"నవ్వులాటగా ఉందా?"

"నవ్వు కాదు, భయం. నా స్క్రూడ్రైవరు మళ్ళీ డబ్బాలోకి వచ్చింది. రెండ్రోజులుంటుంది, రెండ్రోజులుండదు. ఈ ఇంట్లో ఏదో ఉంది" అన్నాడు అతను, సగం నిజంగానే.

ఆ వారంలోనే బండి పరువు తీసింది. నమూనాలతో వస్తూ వంతెన ఎక్కుతుంటే గుక్కతిప్పుకోలేనట్టు రెండుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. ఎంత కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఐస్ బాక్సు భుజాన వేసుకుని, ఎండలో ముప్పావుగంట నడిచి ల్యాబు చేరింది. అక్కడ కౌంటరులో ఆయన మూత తీసి చూసి పెదవి విరిచాడు. మూడు నమూనాలు ఆలస్యానికి పాడయ్యాయి, మళ్ళీ తేవాలన్నాడు.

మర్నాడు వెళితే ఒక ముసలి మాస్టారు చెయ్యి చాపుతూ అన్నాడు: "నిన్న తీసింది ఏం చేశావమ్మా, తాగేశావా?"

ఆమె నవ్వలేకపోయింది. ఆయన చేతికి నిన్నటి సూది దెబ్బ ఇంకా కమిలి ఉంది. రెండో చేతికి గుచ్చింది.

మేస్త్రి ఈసారి ఫిల్టరు తీసి కార్బురేటరు నోట్లో వేలు పెట్టి తుడిచాడు. వేలికంటినదాన్ని బొటనవేలితో నలిపి ఆమె చెవి దగ్గర పెట్టాడు. సన్నగా కరకర వినబడింది.

"పైన పటారం, లోన లొటారం. ఇసక ఇంజినులోకి పోతోంది. ఈ ఫిల్టరుకి నూనె ఏదీ?"

"మొన్న ఆదివారమే పట్టించాను."

"ఒట్టిగుడ్డలా ఉంది. చెల్లెమ్మా, పట్టిస్తున్నావా, పట్టించాననుకుంటున్నావా?"

ఆ మాట ఆమెను బాగా కుదిపేసింది. తెల్లారగట్ల నాలుగింటికి లేచే మనిషి, అలసటలో మర్చిపోతోందా? ఇంటికెళ్ళి నూనె సీసా వెలుతురుకి పెట్టి చూసింది. సగానికి దిగింది. అంటే తను పోసిన మాట నిజమే. పోసిన నూనె ఫిల్టరు మీద లేదన్న మాటా నిజమే. రెండు నిజాలూ ఒక్కచోట ఎలా ఇముడుతాయో ఎంత ఆలోచించినా తట్టలేదు. అన్నం సహించలేదు.

రోజూ భోజనం చేసి రెండు గంటలు పడుకోవడం ఆమెకు అలవాటు. ఆ మధ్యాహ్నం నిద్ర పట్టక పక్క మీద దొర్లుతుంటే, బండి ఉంచే పెరటి సందులోంచి మెల్లగా దగ్గు వినబడింది. తర్వాత ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు. చెప్పులు వేసుకోకుండా వెళ్ళి వెనక తలుపు సందులోంచి చూసింది.

అత్తగారు పీట మీద కూర్చుని ఉంది. పక్కన బక్కెట్లో నురగ. ఒళ్ళో ఫిల్టరు. చేతిలో పాత పళ్ళబ్రష్షు. మడత మడతా విడదీసి, పసిపిల్ల చెవులు తోమినట్టు తోముతోంది. కార్బురేటరు నోటికి మాత్రం ఏమీ కట్టలేదు; అది బార్లా తెరుచుకుని సందులో గాలి పీలుస్తున్నట్టుంది. కుట్టుమిషను స్క్రూడ్రైవరు గట్టు మీద మెరుస్తోంది.

"అత్తయ్యా!"

ఆవిడ ఉలిక్కిపడి బ్రష్షు వెనక దాచింది. వెంటనే దాచి లాభం లేదనుకుందేమో, ముందుకు తీసింది.

"నిద్రపోలేదా?"

"మీరా ఇదంతా? ఎన్నాళ్ళనుంచి?"

"మూడు వారాలవుతోంది. రోజు విడిచి రోజు." దగ్గింది. "ఆ రోడ్డుకి వారానికోసారి ఏం సరిపోతుందమ్మాయ్? ముక్కు చీదుకోవడానికి ఎవరైనా ఆదివారం దాకా ఆగుతారా? మిల్లులో గాలి జల్లెళ్ళ ముందు గుడ్డలు పూటకి మూడుసార్లు దులిపేవాళ్ళం. ఒకపూట మానితే మిషను ఎలా మూలిగేదో నేను విన్నాను. నీ బండీ అలాగే మూలుగుతుంటే పడుకోలేకపోయాను."

"నాతో చెప్పొచ్చుగా!"

"కొన్నరోజే అన్నావుగా, నా బండి ఎవరూ ముట్టుకోవద్దని."

అన్నమాట నిజం. అన్నది మొగుడితో, విన్నది ఈవిడ. సూదమ్మకు కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో, ఏడుపు వచ్చిందో తెలియలేదు. గట్టు మీద కూలబడింది.

"మరి నూనె ఎందుకు కడిగేస్తున్నారు?"

"అదే నేనూ అడుగుదామనుకుంటున్నాను" అంది అత్తగారు ఒక్కసారిగా గొంతు పెంచి. "ఎంత తోమినా సోమవారానికి మళ్ళీ ఎర్రజిడ్డు! ఎక్కణ్ణుంచి కారుతోందో అర్థం కాక బండి కింద పడుకుని కూడా చూశాను. నూలుకి జిడ్డంటితే మిల్లులో మాకు ఆ పూట జీతం కోసేవాళ్ళు. నాకు నిద్రెలా పడుతుంది?"

"అది నేనే పూస్తున్నాను అత్తయ్యా!"

"నువ్వా?" ఆవిడ నిజంగానే నోరు తెరిచింది. "పూయడమెందుకు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదివారం ఈమె పూయడం, సోమవారం ఆవిడ తోమడం. ఇన్ని వారాలుగా ఒకరి పని ఒకరు చెరిపేస్తూ, మధ్యలో ఇంజినుకి ఇసక తినిపించారు.

సూదమ్మ తనకు తెలిసినంత చెప్పింది. గుడ్డ పోగుల మధ్య సందులు పెద్దవి, దుమ్ము సన్నం. నూనె జిగురు ఉంటేనే అది అంటుకుంటుంది, లేకపోతే నేరుగా లోపలికి పోతుంది. అత్తగారు శ్రద్ధగా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అడిగింది: "దుమ్ముని పట్టుకునే జిడ్డు గాలిని ఎందుకు పట్టుకోదు?"

సాయంత్రం ఇద్దరూ వెళ్ళి మేస్త్రిని అడిగారు. అతను చెవి గోక్కుని "అది అంతేనమ్మా" అన్నాడు. అత్తగారు అతనివంక జాలిగా చూసింది.

"మిల్లులో సన్నజల్లెడకి ముందు ముతకగుడ్డ కట్టేవాళ్ళు. రోజూ ఉతికేది దాన్ని. జల్లెడ జోలికి ఎప్పుడో గానీ పోయేవాళ్ళం కాదు. దీనికి ముసుగెందుకు లేదు?"

మేస్త్రి ఈసారి చెవి గోక్కోలేదు. "ముతకదైతే పనిచేస్తుంది" అన్నాడు నెమ్మదిగా. "మరీ దట్టంగా ఉంటే బండికి ఊపిరాడదు."

ఆ తర్వాత రెండు రోజులు ముందుగదిలో దర్జీకి కునుకు లేదు. మొదటి తొడుగు దట్టమైపోయి బండి మూలిగింది. రెండోది వదులై జారిపోయింది. "మనుషుల కొలతలైతే సులువు, ఇది ఊపిరి బిగబట్టి నిలబడదు" అని గొణిగాడు. మూడోది పాత దోమతెర రెండు పొరలు వేసి, అంచుకి ఎలాస్టిక్ పెట్టి కుట్టాడు. అది అతికినట్టు సరిపోయింది. ఫిల్టరుకి నూనె పట్టించే పని సూదమ్మదనీ, రోజూ తొడుగు ఉతికే పని అత్తగారిదనీ ఒప్పందమైంది. ఇంజిను కాస్త అరిగిన మాట వాస్తవమేననీ, కొన్నాళ్ళకి విప్పక తప్పదనీ మేస్త్రి చెప్పాడు. తప్పెవరిదని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో కూడా ఎవరికీ తెలియదు.

పదిరోజుల తర్వాత అత్తగారు ఉన్నట్టుండి అడిగింది: "ఆ రోడ్డేదో నాకొకసారి చూపించు. రోజూ ఇంత దుమ్ము ఎక్కడిదో చూడాలి."

వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది. పొద్దున ఏడింటికే కంకర లారీలు వరసకట్టి పోతున్నాయి. ఒక లారీ దాటగానే ముందున్న రోడ్డు, చెట్లు, కరెంటు స్తంభాలు అన్నీ తెల్లటి పొగలో కలిసిపోయాయి. అత్తగారు మెడలోని తువ్వాలు ముక్కుకి గట్టిగా కట్టుకుని, బండి పక్కకి ఆపమని వీపు మీద తట్టింది.

దిగి, వంగి, తొడుగు చూసింది. బూడిద పూసినట్టుంది. వేలితో గీత గీసి తృప్తిగా తలాడించింది. తర్వాత లేచి కోడలి మొహంలోకి చూసింది. హెల్మెట్టు అద్దం ఎత్తి ఉంది. మూతి మీద, ముక్కు రంధ్రాల అంచుల మీద అదే బూడిద.

"నువ్వేం కట్టుకుంటావు?"

"దేనికి?"

"ముక్కుకి."

నాలుగు నెలలుగా ఈ రోడ్డే. క్లాంపు స్క్రూ తల ఏ దిక్కుకి తిరిగుందో తెలుసు, నూనె సీసా ఎంత దిగిందో తెలుసు. ఇది మాత్రం ఎన్నడూ తట్టలేదు.

"ఏమీ కట్టుకోను అత్తయ్యా" అంది, తనకే వింతగా వినిపించిన గొంతుతో.

ఇంకో లారీ హారను కొడుతూ దగ్గరికొచ్చేస్తోంది. అత్తగారు తన ముక్కున ఉన్న తువ్వాలు ముడి విప్పడం మొదలుపెట్టింది.