ఎలియో ఆఖరి సీజన్

శిల్ప ఏడో నెలలో కానుపుకని పుట్టింటికి వచ్చేటప్పుడు మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె సామాన్లు మేడ మీదికి చేరకముందే ఆ సంగతి ఆత్మకూరు బజారంతా తెలిసిపోయింది. మొగుడు ఇటలీ వాడు. పేరు ఎలియో ట్రెవిజాన్. ముప్పై ఆరేళ్ళుంటాయి. గడప దాటాలంటే తల వంచాల్సినంత పొడవు. కుడి మోకాలి మీద పాత ఆపరేషన్ మచ్చ నిలువుగా ఉంది. గోవాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు ఫార్వర్డుగా ఆడేవాడు. శిల్ప ఆ క్లబ్బులోనే ఫిజియోథెరపిస్టు.

శిల్ప తండ్రి శ్రీమన్నారాయణకు బజార్లో నూనెలు, పప్పుల హోల్‌సేల్ కొట్టు ఉంది. కింద కొట్టు, పైన ఇల్లు. రెండేళ్ళ కిందట గోవాలో రిజిస్టర్ పెళ్ళి జరిగినప్పుడు భార్య సుబ్బరత్నమ్మ, కొడుకు హరిప్రసాద్ వెళ్ళి వచ్చారు. ఆయన వెళ్ళలేదు. వాళ్ళను వద్దనలేదు, పొమ్మనలేదు. వైశ్య సంఘంలో ఎవరైనా కదిలిస్తే, "పిల్ల చదువుకునింది, దాని ఇష్టం," అని వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు అల్లుడు మెట్లెక్కి వచ్చి చేతులు జోడిస్తే తల ఊపాడు. "అన్నం పెట్టు," అని భార్యతో చెప్పి కొట్లోకి దిగిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు మామా అల్లుళ్ళ మధ్య అంతకు మించి మాట నడవలేదు.

సుబ్బరత్నమ్మ బెంగ అంతా తిండి గురించే. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఆటగాడికి బలం కావాలని కూతురు చెబితే, రోజూ సాయంత్రం శనగలో అలసందలో ఉడికించి, తిరగమాత వేసి గిన్నె నిండా పెట్టేది. అతను గిన్నె ఖాళీ చేసి "బాగుండాది" అనేవాడు. ఆ మాట హరిప్రసాద్ నేర్పాడు.

ఎలియో పుట్టింది ఇటలీ ఉత్తరాన, కొండల కింద ఒక చిన్న ఊళ్ళో. తండ్రి తాపీమేస్త్రీ. పదిహేనేళ్ళకే అతను ఊరి క్లబ్బులో పెద్దవాళ్ళతో ఆడాడు. ఆదివారం మ్యాచ్ ఉందంటే ఊరు ఊరంతా గ్రౌండు దగ్గరుండేది, తండ్రి తప్ప. ఆయనకు ఆట మీద కోపం లేదు. కొడుకు బంతి పోగొట్టుకున్నప్పుడు జనం వేసే కేకలు వినలేకపోయేవాడు. పద్దెనిమిదేళ్ళకు ఎలియో మూడో డివిజన్‌కు వెళ్ళాడు. ఇరవై రెండేళ్ళకు మొదటి డివిజన్ క్లబ్బు ఒకటి అతన్ని కొనుక్కుంది. అక్కడ మూడు గోల్స్ కొట్టాడు. మూడోది కొట్టిన మరుసటి వారం మోకాలి లిగమెంటు తెగింది. మళ్ళీ పరుగు నేర్చుకుని వచ్చేసరికి అతని చోట ఇంకొకడు ఆడుతున్నాడు.

అక్కడి నుంచి దిగడమే. రెండో డివిజన్, మూడో డివిజన్, మధ్యలో గ్రీసులో ఒక ఏడాది. ఏ క్లబ్బూ ఎక్కువకాలం ఉంచుకోలేదు, ఏ క్లబ్బూ తిట్టి పంపలేదు. "మంచివాడు, కష్టపడతాడు," అనేవాళ్ళు. ఫార్వర్డు గురించి ఆ మాట అంటున్నారంటే గోల్స్ రావడం లేదని అర్థం. గోవా క్లబ్బు పిలిచినప్పుడు భారతదేశం ఎక్కడుందో మ్యాపులో చూసుకుని బయల్దేరాడు. అక్కడ మోకాలికి కట్టు కట్టే అమ్మాయితో స్నేహం కుదిరింది. పెళ్ళయింది. మొన్న సీజన్ అయిపోయాక క్లబ్బు కాంట్రాక్టు పొడిగించలేదు.

ఆత్మకూరులో అతను పొద్దున్నే లేచి చేజర్ల రోడ్డున పరిగెత్తేవాడు. వరినాట్లకు పోయే ఆడవాళ్ళు ఆటోల్లోంచి తొంగి చూసి నవ్వేవాళ్ళు. ఎవరి కోసం పరిగెత్తుతున్నాడని హరిప్రసాద్ చెల్లెల్ని అడిగాడు.

"ఎవురన్నా పిలుస్తారేమోనని," అంది శిల్ప.

పిలిచిన మొదటివాడు సుధీర్. వింజమూరు స్కూల్లో పీఈటీ, సొంతూరు ఉదయగిరి. రిపబ్లిక్ డేకు ఉదయగిరి జట్టు, సీతారామపురం జట్టు కాలేజీ గ్రౌండులో ఆడుతున్నాయి. తమ వైపు ఆడమని అడగడానికి కొట్టు దగ్గరికి వచ్చాడు. ఎలియో వెంటనే ఒప్పుకున్నాడు. ఆ రోజు హరిప్రసాద్ కారు తీస్తుంటే శ్రీమన్నారాయణ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఉదయగిరిలో తెలిసినవాళ్ళ గృహప్రవేశం ఉందన్నాడు. గృహప్రవేశంలో పది నిమిషాలుండి గ్రౌండుకు వచ్చేశాడు.

కొండ కింద గ్రౌండు చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. సీతారామపురం జట్టులో డిఫెండరు యేసుబాబు. జేసీబీ నడుపుతాడు, మనిషి గట్టివాడు. ఎలియోను అతనే కాచుకోవాలి. ఆట మొదలైన కాసేపటికే ఎలియో మొదటి గోల్ కొట్టాడు. జనం ఈలలు వేశారు. రెండోదానికి చప్పట్లు కొట్టారు. నాలుగోదానికి ఎవరూ పెద్దగా అరవలేదు. సోడా బండి దగ్గరికి నడిచేవాళ్ళు ఎక్కువయ్యారు. అప్పుడు యేసుబాబు గ్రౌండు మధ్యలో కూర్చుండిపోయాడు. అతణ్ణి చూసి మిగతావాళ్ళూ కూర్చున్నారు.

"ఏందిరా ఇది?" అని సుధీర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"బంతి మా కాళ్ళకు తగల్లా సార్. ఇంక మేమెందుకు ఈడ? ఆయన్నొక్కణ్ణే ఆడుకోమను," అన్నాడు యేసుబాబు.

సుధీర్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పడానికి మొహమాటపడ్డాడు. చెప్పనక్కర్లేకపోయింది. ఎలియో యేసుబాబుకు చెయ్యి అందించి లేపి, తను గీత దాటి బయటికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత ఆట మళ్ళీ ఆటలా నడిచింది. ఉదయగిరి గెలిచింది గానీ సీతారామపురం రెండు గోల్స్ తిరిగి కొట్టింది. వాటికి వచ్చినన్ని ఈలలు ఎలియో గోల్స్‌కు రాలేదు.

తిరుగుదారిలో కారు చాలాదూరం వచ్చాక శ్రీమన్నారాయణ కొడుకుతో, "ఎందుకు బయటికొచ్చేసినాడో అడుగు," అన్నాడు.

హరిప్రసాద్ అడిగాడు. ఎలియో చెప్పాడు. హరిప్రసాద్ దాన్ని తెలుగులోకి మార్చాడు.

"అడ్డం నిలబడేవాడు ఉంటేనే అది గోలంట నాయనా. లేకుంటే ఉత్త బంతి తన్నడమేనంట."

శ్రీమన్నారాయణ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎదురుగా ఇంకో కొట్టు లేకుంటే యాపారమూ అంతే," అన్నాడు. ఆ మాటను ఇంగ్లీషులో చెప్పమని కొడుక్కి తనే సైగ చేశాడు.

ఫిబ్రవరిలో ఇటలీ నుంచి ఫోన్ వచ్చింది. సొంతూరి క్లబ్బు కోచ్ చేశాడు. చిన్నప్పుడు ఎలియోతో కలిసి ఆడినవాడే. క్లబ్బు నాలుగో డివిజన్‌లో అడుగున ఉంది. ఫార్వర్డులిద్దరికీ దెబ్బలు తగిలాయి. సీజన్ ఆఖరిదాకా వచ్చి ఆడతావా అని అడిగాడు.

ఎలియో ఆ రోజంతా ఎవరికీ చెప్పలేదు. మర్నాడు శిల్పకు చెప్పాడు. ఆమె అతన్ని మంచం మీద పడుకోబెట్టి మోకాలు వంచి, తిప్పి చూసింది. భార్యగా కాక, క్లబ్బు గదిలో ఆటగాణ్ణి చూసినట్టు చూసింది.

"ఇది ఇంకొక్క దెబ్బ కూడా తట్టుకోదు," అంది.

"తెలుసు."

"తెలిసి కూడా పోవాలనుంది."

"ఉంది. కానీ నువ్విట్లా ఉంటే ఎలా పోను?"

"ఇక్కడ కూర్చుని ప్రతి ఆదివారం ఫోన్లో ఆ మ్యాచ్‌లే చూస్తావు. నేను కనేది నీ ఎదురుగానే అయినా నువ్వు ఇక్కడుండవు," అంది శిల్ప. అన్న తర్వాత ఆమెకు ఏడుపు వచ్చింది. అతను వెళ్ళనన్నాడు. ఆమె అప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చింది.

సంగతి రాత్రి భోజనాల దగ్గర అందరికీ తెలిసింది.

"కానుపు నాటికి మొగుడు దగ్గరుండద్దా? ఆడించుకునేవాళ్ళకు బుద్ధుండాల," అంది సుబ్బరత్నమ్మ.

శ్రీమన్నారాయణ మజ్జిగన్నం కలుపుకుంటూ, "వాణ్ణి పోనీ," అన్నాడు.

"ఏందండీ మీరు?"

"ఎన్నేండ్లు నడిపినాడో ఆ కొట్టు. మూసే రోజు దగ్గరికొచ్చింది. ఆ రోజు గల్లాపెట్టె ముందర వాడే ఉండాల గదా. పిల్లకు మనమందరం ఉండాము." తర్వాత కూతురి వైపు చూసి, "నీకు ఇష్టం లేకుంటే నేనన్న మాట వదిలెయ్యి," అన్నాడు.

శిల్ప కళ్ళు తుడుచుకుని, "పోయిరానీ నాయనా," అంది.

ఎలియో వెళ్ళాడు. మొదటి మ్యాచ్‌లో ఆఖరి కాసేపే ఆడించారు. రెండో మ్యాచ్ సొంత గ్రౌండులో జరిగింది. ఆ రోజు అతని తండ్రి వచ్చి తీగ కంచె పక్కన నిలబడ్డాడు. ఆయనకు డెబ్భై దాటాయి. చెవులు సరిగా వినిపించడం లేదు, అందుకే రాగలిగానని చెప్పాడు. ఆట ముగిసే ముందు ఎడమ పక్క నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. ఎలియోను ఇద్దరు డిఫెండర్లు నొక్కి పట్టుకుని ఉన్నారు. ఒకడి చొక్కాకూ ఇంకొకడి మోచేతికీ మధ్య నుంచి తల ఎలా పైకి తీశాడో అతనికే తెలియదు. బంతి నుదుటికి తగిలి లోపలికి పోయింది. పెద్ద గోల్ ఏమీ కాదు. తండ్రి చప్పట్లు కొడుతూ ఉండిపోయాడు, అందరూ ఆపేశాక కూడా. ఆపారని ఆయనకు వినిపించలేదు.

ఆ తర్వాతి మ్యాచ్‌లో మోకాలు పోయింది. ఎవరూ తగల్లేదు, ఎవరూ తన్నలేదు. బంతి కోసం వెనక్కి తిరిగాడు, కాలు అతనితో పాటు తిరగలేదు. పడిన చోటు నుంచి లేవబోలేదు. స్ట్రెచర్ వచ్చేదాకా పచ్చికను పట్టుకుని పడుకున్నాడు. ఎదుటి జట్టు వాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరేళ్ళవాణ్ణి అలా మోసుకుపోతుంటే దాని అర్థం అందరికీ తెలుసు.

అతనికి ఆపరేషన్ జరిగిన వారంలోనే నెల్లూరు ఆసుపత్రిలో శిల్పకు ఆడపిల్ల పుట్టింది. హరిప్రసాద్ ఫోన్లో చూపించాడు. తెర మీద ఒక ఆసుపత్రి మంచం, అవతల ఇంకో ఆసుపత్రి మంచం. "ముక్కు నీదే," అంది శిల్ప. అతను ఏదో అన్నాడు గానీ సిగ్నల్ పోయింది. మే నెలలో ఆ క్లబ్బు అయిదో డివిజన్‌కు దిగిపోయింది.

అప్పటికి ఎలియో రెండు ఊతకర్రల మీద ఆత్మకూరు చేరాడు. మెట్లెక్కలేడని శ్రీమన్నారాయణ కొట్టు వెనక గదిలోని నూనె డబ్బాలన్నీ తీయించి, కడిగించి, మంచాలు వేయించాడు. శిల్పా పసిబిడ్డా కూడా అక్కడికే మారారు. గది ఎంత కడిగినా వేరుశనగ నూనె వాసన పోలేదు. సుబ్బరత్నమ్మ కూతురికి పెట్టే పథ్యమే అల్లుడికీ పెట్టింది: వెల్లుల్లి కారం, నెయ్యి, వేడన్నం.

"ఇద్దరు బాలింతలు మా ఇంట్లో," అని పక్కింటావిడతో చెప్పుకుంది.

శిల్ప రోజూ అతని కాలు వంచేది. ఒక రోజు పని ఆపి, "ఎలియో, నడవగలవు. ఇంక ఆడలేవు," అంది. అతను తల ఊపాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. బిడ్డను ఒళ్ళో పెడితే పట్టుకునేవాడు, అడిగి తీసుకునేవాడు కాదు. శిల్ప ఓపిక పట్టింది. ఒకసారి మాత్రం, "నాకు నడుం నొప్పిగా ఉండాది. నువ్వు నీ ఏడుపు కూర్చుని ఏడిస్తే బిడ్డ నీ ఒళ్ళో ఉంటాది," అంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. అతను లేచి కూర్చున్నాడు.

మధ్యాహ్నాలు శ్రీమన్నారాయణ అతణ్ణి కొట్లోకి తెచ్చి తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకునేవాడు. గిరాకీ లేని వేళ ఒకసారి, కొడుకును మధ్యలో పెట్టుకుని మాట్లాడాడు.

"ఎన్నేండ్లు ఆడినాడంట?"

"చిన్నప్పట్నుంచి లెక్కేస్తే ఇరవై దాటాయంట."

"నేనూ శానా ఏండ్ల నుంచి కూర్చోనుండా ఈ కుర్చీలో. రేపు నువ్వు 'లెయ్యి నాయనా' అంటావు. లేస్తా. లేచినాక యాడికి పోవాల్నో నాకూ తెలియదు. అది చెప్పు వాడికి."

హరిప్రసాద్‌కు ఆ మాట చెప్పడానికి కాస్త సమయం పట్టింది. ఎలియో మామ వైపు చూశాడు. శ్రీమన్నారాయణ అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, వచ్చిన గిరాకీని చూసి తీసేశాడు.

ఎండలు ముదిరాక యేసుబాబు బండి మీద వచ్చాడు. సీతారామపురం నుంచి అంత దూరం ఎండలో వచ్చి, కొట్లో నీళ్ళు తాగి, చెప్పలేక చెప్పాడు.

"సార్, రిపబ్లిక్ డే నాడు కూర్చున్నానే, నేనే. మీరు నన్ను నాలుగుసార్లు దాటిపోయినారు. ఎట్ల దాటినారో ఇప్పటికీ తెలియల్లా. మిమ్మల్ని ఆపాలంటే ఏం చెయ్యాల్నో మీకే గదా తెలిసేది. అది చెప్పండి."

హరిప్రసాద్ చెప్పగానే ఎలియో నవ్వాడు. ఇటలీ నుంచి తిరిగి వచ్చాక అతను నవ్వడం అదే మొదలు. తనను బాగా ఆపిన డిఫెండర్లెవరో, ఎలా ఆపారో చెప్పడం మొదలుపెట్టాడు. గల్లాపెట్టె ముందున్న జాగాలోనే యేసుబాబును నిలబెట్టి, ఊతకర్రతో అతని పాదాలు జరుపుతూ చూపించాడు. "బంతిని చూడకు, నా నడుం చూడు," అన్నాడు. ఇద్దరు గిరాకీలు నూనె మాట మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత ఆదివారాలు సుధీర్ వచ్చి అతన్ని సీతారామపురం తీసుకెళ్ళేవాడు. అక్కడ ఎండిన చెరువులో గీతలు గీసుకుని ఆడతారు. మొదట్లో కుర్చీలో కూర్చుని చెప్పేవాడు, తర్వాత ఒక కర్రతో, ఆ తర్వాత కర్ర లేకుండా. గోల్స్ కొట్టడం గురించి ఎవరైనా అడిగితే చెప్పేవాడు గానీ, ఎక్కువగా ఆపడమే నేర్పాడు. ఉదయగిరి జట్టుతో మళ్ళీ ఆడినప్పుడు సీతారామపురం ఓడిపోయింది, ఒక్క గోల్ తేడాతో. యేసుబాబు ఆట ముగిసేదాకా నిలబడే ఉన్నాడు.

శిల్ప బజార్లోనే ఒక గది తీసుకుని ఫిజియోథెరపీ మొదలుపెట్టింది. గోవాకు తిరిగి పోవాలా వద్దా అన్నది ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.

సెప్టెంబరులో ఒక మంగళవారం ఎలియో బిడ్డకు స్నానం చేయించి తువ్వాలులో చుడుతూ ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది శిల్ప.

"మొన్న ఆదివారం ఇటలీలో సీజన్ మొదలైంది. నాకు గుర్తే రాలేదు."

శిల్ప అతని ముఖం చూసింది. పౌడరు డబ్బా అందించింది. బిడ్డ చలికి ఏడుపు అందుకుంది. అతను గబగబా చొక్కా తొడిగాడు.